గోలీని కడిగిన కిష్టమ్మ

ఎల్‌బీ నగర్

బిడ్డా ఉదయలక్ష్మీ, కిష్టమ్మ దీవెనలు.

నీ మోకాలు ఎట్లున్నది? మీ ఆయన దగ్గు తగ్గిందా? పిల్ల తింటున్నదా? నాకైతే ఏం లేదు గని, మీ బాబాయి బీపీతోటే పరేషాన్. ఫోన్ల మాట్లాడితే ఆయన వింటడని షేర్ ఆటో నడిపే తిరుపతితోటి చీటి పంపుతున్న.

మనుమరాలు గీత ఆయన గోలీల డబ్బల కాయితం చదివింది. అండ్ల మెగ్నీషియం స్టియరేట్ ఉన్నదట. దాని మొఖం పౌడర్ డబ్బ మీద గూడ అదే పేరు. మొఖానికి పూసేది కడుపుల పోస్తరా? నిన్నటి సంది గోలీ బంద్ పెట్టిన. నువ్వు మందుల దుకాణంల చేస్తవు గద, జర చెప్పు.

నీ పిన్ని

మళ్లొక మాట: మీ బాబాయి కొంచెం తెల్లబడ్డట్టు కనబడ్తున్నడు. పౌడర్ లోపలికెళ్లి పని చేస్తున్నదేమో.

దిల్‌సుఖ్‌నగర్

పిన్నిగారికి నమస్కారాలు.

ముందు బాబాయిగారికి గోలీ ఇవ్వండి. బీపీ మందు మధ్యలో ఆపకూడదు. అది పౌడర్ కాదండీ, కొవ్వు నుంచి చేసే ఉప్పులాంటి పదార్థం. మందు మిషన్‌కి అంటుకోకుండా చిటికెడు కలుపుతారు. మీరు చపాతీ ఒత్తేటప్పుడు పొడిపిండి చల్లరూ, అలాగన్నమాట. ఒంట్లో దానంతట అది ఏ పనీ చెయ్యదు.

మీ ఉదయలక్ష్మి

తా.క. బాబాయిగారు గెడ్డం గీసుకుని ఉంటారు.

ఎల్‌బీ నగర్

బిడ్డా, దీవెనలు.

నీ మాట విని గోలీ ఇస్తున్న. గని కొవ్వు, ఉప్పు రెండూ డాక్టర్ వద్దన్నయే కద. పొడిపిండి ఎక్కువైతే నేను దులిపే పెనం మీద ఏస్త. అందుకే గోలీని గూడ నీళ్లల్ల కడిగి, పాత చీరె ముక్కతోటి తుడిచి ఇస్తున్న. సగమే మిగుల్తున్నది. నాకు ఒకటే గుండెదడ, నిద్ర పడ్తలేదు.

పిన్ని

మళ్లొక మాట: కడిగిన నీళ్లు పారబోయలే, కరివేపాకు కుండీల పోసిన. పాపం, కొమ్మలు వాలినయ్. దానికేం బీపీ ఉన్నది?

దిల్‌సుఖ్‌నగర్

పిన్నిగారూ, నమస్కారం.

దయచేసి కడగొద్దు. ఆ పదార్థం పైపైన ఉండదు, గోలీ అంతా కలిసి ఉంటుంది. మీరు కడిగేస్తున్నది మందునే. రేపే ఇద్దరూ దవాఖానకి వెళ్లి బీపీ చూపించుకోండి. నాకు భయంగా ఉంది.

ఉదయలక్ష్మి

తా.క. కరివేపాకుని కూడా వదిలెయ్యండి.

ఎల్‌బీ నగర్

బిడ్డా, దీవెనలు.

పోయినం. మీ బాబాయి బీపీ మంచిగున్నది. నేను నమ్మక మళ్ల చూడమన్న. మళ్ల అంతే. బయటికొచ్చినంక ఆయన చెప్పిండు: "నువ్వు గోలీ బంద్ పెట్టిన నాడే వేరే డబ్బ కొన్న. రోజు చాయ్ హోటల్ల ఏసుకుంటున్న. నువ్విచ్చే తడి ముక్క కుండీల ఏస్తున్న."

మొత్తం కరివేపాకే మింగింది.

ఎట్లాగూ వచ్చినం కదా అని డాక్టర్ నా చెయ్యి గూడ చూసిండు. బీపీ నాకున్నదట, బాగ ఎక్కువనే ఉన్నదట. ఆయన గోలీనే నాకు గూడ రాసిండు. పొద్దుగాల మీ బాబాయి దాన్ని నా చేతుల పెట్టి, "కడిగియ్యాల్నా?" అంటున్నడు.

మింగుతున్న, గని నువ్వు ఎదురుంగ కూసుంటే ధైర్యముంటది. జర వచ్చిపో.

పిన్ని

మళ్లొక మాట: చపాతీలు చేస్త, పిండి దులపను. కరివేపాకు మాత్రం అడగకు. ఆగస్టు పదహారు, ఆదివారం, పగటి బువ్వ యాల్లకు రా.