మళ్ళీ చెప్పండి

అమ్మకు,

నాకు పది రోజుల సెలవు దొరికింది, కానీ రావడం లేదు. కోపగించుకోకుండా చివరిదాకా చదువు. మిలిటరీ తపాలాలో వేస్తే విప్పి చదువుతారని, సెలవు మీద వస్తున్న మా నర్సు చేతికి ఈ ఉత్తరం ఇచ్చాను.

దేశం రెండుగా చీలి, అన్నయ్య ఏటికి అవతల చిక్కుకుపోయి తొమ్మిదేళ్ళయింది కదా. అప్పటినుంచి రెండు సైన్యాలూ రోజూ పొద్దున ఆరింటికి టెలిఫోనులో ఒక్క మాట చెప్పుకుంటాయి. మా వైపు నుంచి చెప్పేది నేనే. "మా గట్టున కాల్పులు లేవు" అంటాను. అవతలి ఆపరేటరూ అదే అంటాడు. ఇంకో మాట కలిపితే కోర్టు మార్షల్. పక్కనే సుబేదారుగారు ఇంకో రిసీవరుతో వింటూ ఉంటారు.

పోయిన సోమవారం అవతలి గొంతు మారింది. "కాలుపులు లేవు" అన్నాడమ్మా! నువ్వెన్ని మొట్టికాయలు వేసినా అన్నయ్యకు ఆ ఒత్తు పలికేది కాదే, అచ్చం అలాగే.

నా మాట చెప్పాను. అప్పుడు, "సరిగా వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అన్నాడు. అలా మూడుసార్ల దాకా అడగవచ్చని రూలుంది. నన్ను పట్టుకుని 'అండి' అంటుంటే నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అడిగాడు.

"లైను పాడైనట్టుందే," అన్నారు సుబేదారుగారు.

"అవును సార్," అన్నాను.

ఆనాటినుంచి రోజూ మూడుసార్లూ అడుగుతున్నాడు. నేను ఇంటికొస్తే ఈ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. అందుకే రాలేను. లైను మాత్రం, అమ్మా, పక్కగదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా ఉంది.

నీ చిన్నది