ముందు వాక్యూమ్, తర్వాతే నీళ్ళు

తమ్ముడూ, కార్పెట్ కడిగేవాళ్ళు కాసేపట్లో వస్తారు. నీళ్ళు చల్లకముందే వాక్యూమ్ పట్టమని గట్టిగా చెప్పు. అది ఇంట్లోవాళ్ళ పని అని నసుగుతారు, వినకు. పోయినసారి అలాగే తడిపేసి, ఉన్న దుమ్మంతా బురద చేసి పోయారు.

నేనే పట్టేదాన్నిరా. నిన్న మన మిషన్ బయటికి తీశాను కూడా. ఆన్ చేయడానికి చేతులు రాలేదు. దాని మోత వింటే చాలు, మన కుక్క ఇల్లు పీకి పందిరేసేది. వంటింట్లో పెట్టి గడియ వేస్తే తప్ప ఊరుకునేది కాదు. ఇంకా సోఫా కింద దాని బొచ్చు ఉంది. వాళ్ళనే తీయనీ.

— అక్క

అన్నట్టు, వంటింటికి గడియ వేసి ఉంది. నిన్న మిషన్ తీయగానే అలవాటుగా నేనే వేశాను. నువ్వే తియ్యరా.