తేలని ప్రమాణం

పెట్రొహోరి, క్రీట్ దీవి
జూన్ 1996, మంగళవారం

సింతెక్నే మనూసోస్‌కు,

వార్దిస్ నమస్కారాలు. నీ ఇల్లాలికి, పిల్లలకి దీవెనలు. మా పెద్దదానికి బాప్తిస్మం ఇప్పించి నాకు సింతెక్నేవైన నీ చేతులు చల్లగా ఉండాలి. ఇక్కడ చలికాలం వానలు ఆలస్యమైనా మేతకు లోటు లేదు. అందరం క్షేమమని రాయడం మర్యాద. రాద్దామనే కూర్చున్నాను. ఒక మనిషి దగ్గర కలం ఆగిపోయింది. అతను క్షేమమని రాయలేను, కాదని కూడా రాయలేను.

రూసోస్ సంగతి చెబుతున్నాను. పేరు చూసి కాగితం మడిచెయ్యకు. వాడు మంచం పట్టాడు. చావలేకపోతున్నాడు. నువ్వు రావాలి. నేను రాయాల్సింది ఇంతే. మిగతాదంతా ఎందుకు రావాలో చెప్పడానికి.

గొర్రెల ఉన్ని కత్తిరింపులకు ముందే వాడు పడిపోయాడు. అప్పటినుంచి ముద్ద ముట్టలేదు. పట్నం నుంచి వచ్చిన డాక్టరు నాడి పట్టుకుని చూశాడు. దొరకలేదు. దుప్పటి ముఖం మీదికి లాగబోతే రూసోస్ మంచినీళ్లు అడిగాడు. డాక్టరు తన ఫీజు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

మన పెద్దవాళ్లు చేసేవన్నీ చేశాం. పెట్టెల తాళాలు తీశాం. ఇంట్లో ఎక్కడ ముడి ఉంటే అక్కడ విప్పాం. మన చర్చికి కొత్తగా వచ్చిన పాపాస్ కుర్రవాడు, ఇలాంటివి నమ్మనివాడు, ప్రాణం సులువుగా పోయే ప్రార్థన చదివాడు. అంతా చదివాడు గాని చివరి ఆమెన్ అతని నోటికి రాలేదు. పెదవులు కదిలాయి, అంతే. తర్వాత బయటికెళ్లి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గరిఫాలియా మాత్రం మొగుడి కాళ్లు తుడుస్తూ, "పెళ్లికీ ఆలస్యంగానే వచ్చాడు, ఈయనకి దేనికీ తీరిక ఉండదు" అంది. మేం నవ్వాం. ఆమె నవ్వలేదు.

తర్వాత ఉప్పు. శాపం పెట్టినవాడు నీళ్లలో ఉప్పు వేసి, ఇది కరిగినట్టు నా మాట కరగాలి అని తాగించాలి కదా. నువ్వు లేవు కాబట్టి నీ బదులు నేను వేశాను. ఆ ఉప్పు కరగలేదు, మనూసోస్. గరిఫాలియా చెంచాతో తిప్పింది. వేడినీళ్లు పోసింది. ఇసకలాగా అడుగున కూర్చుంది. ఇప్పటికీ ఆ గ్లాసు కిటికీలోనే ఉంది. పారబొయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు.

అప్పుడు నాకు అర్థమైంది, ఆ మాట నీది, నా చేత్తో కరగదని. ఏ మాటో నీకు గుర్తుండే ఉంటుంది. అయినా రాస్తాను.

నీ పొట్టేళ్లు పోయిన ఏడు. యోర్గీస్ స్వామి గుహ చర్చికి అందరం వెళ్లాం. అవి పోయినవేళ కొండ మీద ఉన్న మగవాళ్లందరూ వరుసలో నిలబడ్డారు. గొర్రెల ఆసామి చుట్టాలకి కూడా మినహాయింపు లేదు కాబట్టి మీ తమ్ముడు సిఫిస్ కూడా నిలబడ్డాడు. ఒక్కొక్కడూ స్వామి పటం మీద చెయ్యి పెట్టి, నేను తియ్యలేదు, తీసినవాడెవడో నాకు తెలియదు, అబద్ధమైతే నా ఇల్లు చీకటవ్వాలి అని చెప్పాలి. ఒకడి ప్రమాణం తేలితేనే తర్వాతవాడు చెయ్యి పెట్టాలి. దీపం రెపరెపలాడకపోతే తేలినట్టే. నేను చెప్పాను, దీపం కదల్లేదు, పక్కకి వచ్చేశాను. ఇంకా కొందరు చెప్పారు. రూసోస్ వంతు వచ్చింది.

వాడు చెయ్యి పెట్టాడు. చాలాసేపు ఊరుకున్నాడు. దొంగవి కాకపోతే మాట పెగలదేంరా అని నువ్వు అన్నావు. అప్పుడు వాడు నెమ్మదిగా అన్నాడు:

"స్వామీ, నేనిప్పుడు చేస్తున్న ఈ ప్రమాణం అబద్ధం."

వెనకెవరో నవ్వారు. పాత పాపాస్ లెఫ్తెరిస్ కూడా ముందు నవ్వాడు. తర్వాత గడ్డం నిమురుకుంటూ పైకే లెక్క వేశాడు. ఇది అబద్ధమైతే, అబద్ధమని చెప్పాడు కాబట్టి నిజం చెప్పినట్టు. నిజమైతే, అబద్ధమన్నది నిజం కాబట్టి అబద్ధం చెప్పినట్టు. మళ్లీ మొదటికి వచ్చాడు. మళ్లీ తిరిగాడు. ఆయన గొంతు తగ్గిపోయింది. అప్పుడు మేమందరం దీపం వైపు చూశాం. అది కదలడం లేదు. నిలకడగా ఉండడం కాదు. గీసిన బొమ్మలాగా ఉంది. చెయ్యి దగ్గర పెడితే వేడి లేదు.

ఆ చిక్కు వాడికి ఎక్కడ దొరికిందో నాకు తెలుసు. బడిలో మాస్టారు చెప్పాడు గుర్తుందా, పూర్వం మన దీవివాడే ఒకడు, మన దీవివాళ్లంతా అబద్ధాలకోరులని అన్నాడని. నువ్వు లేచి, మాస్టారూ మీది ఏ ఊరు అని అడిగావు. దెబ్బలు తిన్నావు. రూసోస్ నవ్వలేదు. ఇంటికి వస్తూ నాతో అన్నాడు, ఆ ముసలాడు చెప్పినదాంట్లో పెద్ద చిక్కేం లేదు, ఎక్కడో ఒక్కడు ఒక్క నిజం చెప్పి ఉంటే వాడి మాట ఉత్త అబద్ధం, సరిపోయె. అదే వాడు తన ఆ ఒక్క మాట గురించే అని ఉంటే ఎవరూ విప్పలేరు, దేవుడు కూడా. అలా అంటూ వాళ్ల సందు దాటిపోయి ఊటబావి దాకా నడిచాడు. నేను పిలిస్తే గాని ఆగలేదు. నాకు భయం వేసింది. చిన్నవాణ్ని కదా అనుకున్నాను. ఇప్పుడు పెద్దవాణ్నే, ఇప్పుడూ వేస్తోంది.

వాడి ప్రమాణం తేలలేదు. తేలలేదు కాబట్టి వరుస కదల్లేదు. పాపాస్ అందరినీ ఇళ్లకి పొమ్మన్నాడు. గుహ దాటగానే నువ్వు వాడి చొక్కా పట్టుకుని అన్న మాట నా చెవుల్లో అలాగే ఉంది.

"నీ సంగతి తేలేదాకా నీకు చావు రాకూడదురా."

నువ్వు మందని అమ్మేసి హనియాకి వెళ్లిపోయావు. వాడు ఇక్కడే ఉన్నాడు. ఎలా ఉన్నాడో నీకెవరూ చెప్పి ఉండరు. ప్రమాణం తప్పినవాడి ఇల్లు కూలుతుంది, నిలిపినవాడి ఇల్లు పచ్చగా ఉంటుంది. వాడి ఇంటికి ఏమీ కాలేదు. చెడుగానీ మంచిగానీ ఏమీ కాలేదు. వాడు మా గుమ్మంలోకి వస్తే కుక్క మొరిగేది కాదు, తోకా ఆడించేది కాదు. గాలి వచ్చినట్టు ఊరుకునేది. చర్చిలో వాడు వెలిగించిన కొవ్వొత్తి వెలిగేది గాని కరిగేది కాదు. లోయలో వాడి పేరు పెట్టి కేకేస్తే ప్రతిధ్వని రాదు. నీ పేరుకి వస్తుంది, నా పేరుకి వస్తుంది. నేను పరీక్షించి చూశాను. తర్వాత ఆ వైపు గొర్రెల్ని తోలడం మానేశాను.

వాడు ఎవరితోనూ గొడవ పడలేదు. దొంగా అని పిలిచినా పలికేవాడు. పేరు పెట్టి పిలిచినా పలికేవాడు.

ఇప్పుడు ఎముకలూ చర్మమూ మిగిలాయి. నొప్పి ఉంది. అరవడు. మిట్టమధ్యాహ్నం, మనిషి నీడ కాళ్ల కిందికి పోయే వేళ, వాడి ఊపిరి ఆగిపోతుంది. గరిఫాలియా అద్దం పెట్టి చూస్తుంది. ఆవిరి ఉండదు. ఆమె లేచి నల్లబట్టలు తీస్తుంది. అప్పుడు అద్దం మీద ఆవిరి వస్తుంది. రోజూ ఇదే. నేను అక్కడే కూర్చుని చూస్తున్నాను. నాకు చెయ్యడానికేమీ తోచక రాస్తున్నాను.

వాడు దొంగని నువ్వు అనుకుంటే క్షమించానని చెప్పు. కాదని అనుకుంటే తప్పు నాదని చెప్పు. రెండిట్లో ఏదైనా సరే. నీ నోటితో ఒక్కటి చెప్పి, ఉప్పు నీ చేత్తో వెయ్యి. ఆ చిక్కుని వాడు వెయ్యగలిగాడు గాని విప్పుకోలేడు. అది వాడి చేతిలో లేదు, స్వామి చేతిలో కూడా లేదేమో. నీ చేతిలో ఉంది.

బస్సు పొద్దున్నే బయలుదేరుతుంది. డ్రైవరు మావాడే, ఉత్తరం వాడికిస్తాను. తిరుగు బస్సులో నీకు చోటు ఉంచమని చెబుతాను.

నీ చిన్ననాటివాడు,
వార్దిస్

తా.క. కవరు అంటించకముందు ఉత్తరం వాడికి చదివి వినిపించాను. తనకి తెలియకుండా తన సంగతి పంపడం బాగుండదని. వాడు కళ్లు మూసుకుని అంతా విన్నాడు. తర్వాత నన్ను వంగమన్నాడు.

"నేను తియ్యలేదని చెప్పగలనురా. తీసిందెవరో తెలియదని చెప్పలేను. సిఫిస్ నా వెనకే నిలబడ్డాడు. వాడి ఊపిరి నా మెడకి తగులుతోంది. నా తర్వాత వాడు చెయ్యి పెట్టాలి. పెడితే కాలిపోతాడు. కొత్తగా పెళ్లయినవాడు. వరుస అక్కడితో ఆగాలి, అంతే" అన్నాడు.

కిందటేడు సిఫిస్ నీ ఇంట్లో, నీ చెయ్యి పట్టుకుని, నిద్రలో పోయినట్టు పోయాడని విన్నాను.

ఇది నీకు రాయనని రూసోస్ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మంచం తలవైపు ఉన్న స్వామి పటం మీద చెయ్యి పెట్టి, రాయను, రాస్తే నా ఇల్లు చీకటవ్వాలి అన్నాను. వాడు నిశ్చింతగా అటు తిరిగి పడుకున్నాడు. నేను బయటికొచ్చి అరుగు మీద కూర్చుని రాశాను.

నాది తిన్నని అబద్ధం, మనూసోస్. ఇందులో చిక్కేమీ లేదు. ఏం చెయ్యాలో స్వామికి బాగా తెలుసు. నువ్వు ఉప్పు పట్టుకుని త్వరగా రా.