గ్రిడ్‌కి అతుక్కుపోయిన అక్క

మార్చి 3, మంగళవారం

శనివారం అక్క కుడి మణికట్టుకి ఆపరేషన్. తర్వాత మూడు నెలలు కీబోర్డు ముట్టుకోకూడదు. మళ్ళీ ఇదివరకటిలా వాయించగలదా అని అడిగితే సర్జన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నాకు ఆ తుడవడం నచ్చలేదు.

అందుకే డాన్స్ మేడమ్ నృత్యనాటకానికి వాయిస్తానని ఒప్పుకున్న ఇరవై రెండు నిమిషాల పియానో మొత్తం అక్క ఈ వారం రోజుల్లోనే వాయించేసింది. మాత్ర వేసుకోవడం, తాళంలో నాలుగు ఆవర్తాలంత, అంటే నాలుగు బార్లు వాయించడం, చేతికి ఐస్ పెట్టుకోవడం, మళ్ళీ నాలుగు బార్లు. అంతా లాప్‌టాప్‌లో మిడిగా ఉంది. శబ్దం కాదది. ఏ మెట్టు నొక్కింది, ఎంత గట్టిగా, ఎప్పుడు, ఎంతసేపు, అంతే. తెర మీద చూస్తే ఆకుపచ్చ కడ్డీలు.

తప్పు మెట్టు మీద పడ్డ వేళ్ళని సరిచేయడం నా పని. ఎమ్మెస్సీ వెలగబెట్టి ఇంట్లో కూర్చున్నదానివి, ఈ మాత్రం చెయ్యలేవా అంది అక్క. నవ్వుతూనే అంది. గుచ్చుకుంది. టైమింగ్ జోలికి మాత్రం వెళ్ళావో, వీపు విమానం మోత మోగుతుందట. ఆలస్యంగా పడిన నోట్ ఆలస్యంగానే ఉండాలి. ఆ ఆలస్యమే తనట.

మార్చి 4

మౌస్‌తో ఒక్కో కడ్డీనీ పట్టుకుని లాగుతుంటే, చీమలకి చెప్పులు కుడుతున్నావేమిటే అంది అక్క. షార్ట్‌కట్లు నేర్పింది. బాణం మీటతో నోట్ నుంచి నోట్‌కి. ఆల్ట్‌తో పై బాణం నొక్కితే అర మెట్టు పైకి. ఒకే తప్పు పదిచోట్ల ఉంటే పదింటినీ ఒకేసారి పట్టుకుని దిద్దడం. నిన్న రోజంతా పన్నెండు బార్లు. ఇవాళ భోజనం వేళకే తొంభై.

రెండు నిమిషాలకోసారి సేవ్ నొక్కుతాను. కాలేజీలో ప్రాజెక్టు మాయమైనప్పుడు పట్టుకున్న జబ్బు. ఇదొక్కటి మంచి అలవాటేనే నీకు అంది అక్క.

మార్చి 6, శుక్రవారం, సాయంత్రం 6

మధ్యాహ్నం డాన్స్ మేడమ్ ఫోన్. లైట్లాయనకి నోట్స్ అన్నీ తాళం గీతల మీద కచ్చితంగా ఉన్న కాపీ ఒకటి కావాలట, లెక్క పెట్టుకోవడానికి. రెండు మీటల పని. అన్నీ సెలెక్ట్, క్వాంటైజ్. మూడువేల నాలుగువందల నోట్స్ టకటకా గ్రిడ్ గీతల మీదికి వెళ్ళి నిలబడ్డాయి, ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా. సేవ్ చేసి పంపేశాను. తర్వాత హెడ్‌ఫోన్స్ కూడా పెట్టుకోకుండా, కళ్ళతోనే చూసుకుంటూ మిగిలిన తప్పులన్నీ దిద్దేశాను. ఎంత వేగం వచ్చిందో నాకు!

మార్చి 7, శనివారం, ఉదయం 9

అక్కని లోపలికి తీసుకెళ్ళారు. నేను బయట కుర్చీలో. ఒకసారి విందామని తెరిచాను.

అలారం గడియారం వాయిస్తున్నట్టుంది.

నిన్న వేరే పేరుతో సేవ్ చెయ్యలేదు. అసలుదాని మీదే చేశాను.

9.20

అన్‌డూ లేదు. రాత్రి లాప్‌టాప్ మూసేశాను కదా. బ్యాకప్ ఫోల్డర్‌లో పది కాపీలున్నాయి. పదీ నిన్న సాయంత్రంవే. సాఫ్ట్‌వేర్ చివరి పది మాత్రమే దాస్తుంది. రెండు నిమిషాలకోసారి సేవ్ నొక్కి నొక్కి అక్కని నేనే గెంటేశాను. నా జాగ్రత్తే కొంప ముంచింది.

9.25

ఇంకెవరి దగ్గరా లేదు. పూర్తికానిది అక్క అమ్మకి కూడా వినిపించదు.

11.40

బయటికి తెచ్చారు. మోచేతి దాకా తెల్లటి కట్టు. మత్తులోనే అడిగింది, అయిపోయిందా అని. ఆపరేషన్ గురించి కాదు. అయిపోయిందన్నాను.

మార్చి 8

హ్యూమనైజ్ అని ఒక బటన్ ఉంది. నొక్కితే నోట్స్‌ని ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ జరుపుతుంది. కల్లు తాగిన కోతి. అక్క ఆలస్యానికి ఒక కారణం ఉంటుంది, దీనికి లేదు. తీసేశాను.

శుక్రవారం ఇచ్చెయ్యాలి.

మార్చి 9

గుర్తున్నంతవరకు ఒక్కో నోట్‌నీ చేత్తో వెనక్కి జరిపాను. నాలుగు గంటలకి ఎనిమిది బార్లు. విన్నాను. అక్కని ఎవరో వెక్కిరిస్తున్నట్టుంది. ఆ ఎవరో నేనే.

మార్చి 10

అమ్మ కోప్పడింది. ఆపరేషన్ దానికైతే నువ్వు తిండి మానేశావేంటే అంది. వినిపించవే అంది అక్క. హెడ్‌ఫోన్స్ పాడయ్యాయన్నాను. అవి నా మెడలోనే ఉన్నాయి. అక్క వాటి వంక చూసింది. నా వంక చూసింది. గోడవైపు తిరిగి పడుకుంది.

బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మార్చి 11, బుధవారం

నోట్స్ కింద ఇంకో వరస ఉంది. ఇన్నాళ్ళూ తెరవనే లేదు. పెడల్ వరస, స్వరం ఆగిపోకుండా పట్టి ఉంచడానికి కాలితో నొక్కేది. క్వాంటైజ్ నోట్స్‌నే జరిపింది, పెడల్‌ని ముట్టుకోలేదు! అక్క పాదం ఎప్పుడు నొక్కిందో, ఎప్పుడు వదిలిందో, అన్నీ ఎక్కడివక్కడే. చేతులు పోయాయి, కాలు మిగిలింది.

ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి అడిగాను, అక్కా, పెడల్ మెట్టుతో పాటే నొక్కుతావా, తర్వాతా అని. తర్వాతే, తలుపు మూశాకే కదే గొళ్ళెం పెట్టేది అంది. ఎందుకు అడుగుతున్నావని మాత్రం అనలేదు.

గొళ్ళేల నుంచి తలుపుల్ని వెతుకుతున్నాను. ప్రతి పెడల్‌కి కొంచెం ముందు ఒకేసారి నొక్కిన మెట్లు. రెండు పెడల్స్ మధ్య నోట్స్‌ని మొత్తంగా పట్టుకుని ఆ మేరకి సాగదీయడం. పది బార్లయ్యాక విన్నాను. అక్క గదిలో ఉన్నట్టే ఉంది.

మార్చి 12

నూట పద్దెనిమిదో బార్ నుంచి పదహారు బార్లు అక్క పెడల్ ముట్టుకోలేదు. అక్కడ పాదం లేదు. ఏమీ లేదు. నేనే ఊహించి జరిపాను. ఇరవై మూడు సార్లు.

మార్చి 13, శుక్రవారం, మధ్యాహ్నం 1

అక్క కళ్ళు మూసుకుని వింది. నేను ఆమె పెదాల్నే చూస్తున్నాను. నూట పద్దెనిమిది దగ్గర కళ్ళు తెరిచింది. ఎవరే ఇది అంది.

అంతా చెప్పేశాను. వీపు మోత మోగలేదు. మోగితే బాగుండుననిపించింది. తనలో తానే అంది, అవి వాయించిన రోజు ఎంత నొప్పో నీకు తెలీదే అని.

ఎడమ చేత్తో బల్ల మీద తాళం కొట్టు, ఆ ప్రకారం జరుపుతానన్నాను. వద్దంది. ఒకసారి వాయించేసినదాన్ని మళ్ళీ నటించడం తన వల్ల కాదట. ఆ పదహారూ తీసెయ్ అంది.

మరి అక్కడ?

ఏమీ ఉండదంది. డాన్స్ మేడమ్ అరుస్తుంది అన్నాను. అరవనీ, ఆ అరుపైనా ఉంటుంది కదే అక్కడ అంది.

తీసేశాను. పంపేశాను.

మార్చి 21, శనివారం

ప్రదర్శన. మేము చివరి వరసలో. నూట పద్దెనిమిది దగ్గర పియానో ఆగిపోయింది. ఎవరో దగ్గారు. చీకట్లో నా మణికట్టు మీద అక్క ఎడమచేతి వేళ్ళు పడ్డాయి. పదహారు బార్లూ అక్కడే వాయించింది. ఎక్కడెక్కడ ఆలస్యంగా పడ్డాయో నాకిప్పుడు తెలుసు.

ఈ డైరీలో కూడా రాయను.