గొడుగు హీరో

అత్తయ్యా,

పాప ఆపరేషను పొద్దున్నే చేసేస్తామని ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మీకు ఇప్పుడే కన్నంటుకుందని లేపకుండా వెళ్తున్నాను. మీరు పాత బొమ్మలు మూటగట్టిన సంచి ఎంత వెతికినా దొరకలేదు. అందులో గొడుగు పట్టుకున్న వేలెడంత సూపర్‌హీరో ఉంటాడు. వాణ్ని పక్కింటి ఆటో అతనికిచ్చి పంపండి. మీ అబ్బాయి నిన్న ఆసుపత్రికి పేరున్న హీరో బొమ్మని కొనుక్కొస్తే పాప మొహం తిప్పేసుకుంది. "ఆ హీరోలంతా కొట్టుకుంటుంటే, మిగతావాళ్లు తడవకుండా గొడుగు పట్టేది వీడే కదమ్మా. వీణ్నెవరూ మెచ్చుకోరు" అని ఏడ్చింది. మీరు ఆ పాత బొమ్మల్ని చెత్త అన్నప్పుడు నా మనసు చివుక్కుమంది, పైకి అనలేకపోయాను. పాలు కాచి ఉంచాను, తాగండి.

ఆటో అతనికివ్వొద్దు, మీరే తీసుకురండి. పాప ముందు ధైర్యంగా ఉండటం నా ఒక్కదాని వల్ల కావడం లేదు.