మూల నుంచి మొదలైన గోడ

ఫెస్

నా తల్లి షామాకు,

నాన్న దీవెనలు. నువ్వు పంపిన ఇంటి ఫోటో అందింది. మీ అమ్మ దాన్ని వీధిలో ఆడవాళ్ళందరికీ చూపించి, అందరి వేలిముద్రలూ పడ్డాక చివరికి నా చేతికిచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురు కోసం దుకాణం గుమ్మంలో కూర్చుని తీరుబడిగా చూశాను.

మొహా చేసిన దేవదారు పైకప్పు బాగుంది. అల్లుడని పొగడటం లేదు, అతనికి నోట్లో నాలుక లేకపోయినా చేతిలో పనుంది. మీ అత్తగారు నేసిన తివాచీలో ఎరుపు కాస్త ఎక్కువైంది గానీ, కొండ మీద చలికి ఆ ఎరుపే వెచ్చగా ఉంటుందేమోలే. ఇత్తడి దీపం మరీ ఎత్తుగా కట్టారు. ఒక మూర దించండి. దాని చిల్లుల్లోంచి పడే వెలుగు పువ్వులు గోడ మీద కనబడాలి గాని, కప్పు మీద పడితే మెడ ఎత్తుకుని ఎవరు చూస్తారు? గోడల వెంట వేసిన పరుపుల్లో ఉన్ని కూరించావు, స్పాంజి కాదు. అది చూసి నిజంగా సంతోషించాను. నీ పెళ్ళికి మీ అమ్మ ఇచ్చిన నీలం పళ్ళాలు గూట్లో ఎంత అందంగా అమరాయో చెప్పలేను.

ఇక గోడ సంగతికి వస్తాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగా కనబడే గోడ. ఇంటికి అదే మొహం. దాని మీద రంగు పలకల ముక్కలతో జెల్లీజ్ పెట్టినవాడు ఎవడు? ముక్కలు కొట్టిన చెయ్యి మంచిదే, కాదనను. వెనకవైపు ఏటవాలుగా చెక్కి కూర్చినట్టున్నాడు, రెండు ముక్కల మధ్య వెంట్రుక కూడా దూరదు. అది ఫెస్ కొట్టుడు. ఇంకా చెప్పాలంటే మన దుకాణం కొట్టుడు. నా దగ్గర పని నేర్చుకుని చెప్పకుండా పారిపోయిన వెధవల్లో ఎవడో అయివుంటాడు. కానీ ఆ గాడిద గోడని మూల నుంచి మొదలుపెట్టాడు. ఎడమవైపు ఎనిమిది కోణాల చుక్కలు నిండుగా ఉన్నాయి, కుడి అంచుకి వచ్చేసరికి సగానికి తెగిపోయాయి. గోడకి నడిమధ్య తాడు కట్టాలి, తాడు మీద బిస్మిల్లా అని మొదటి చుక్క పెట్టాలి, అక్కణ్ణుంచి రెండు వైపులా సమానంగా పోవాలి. పనిలో చేరిన ఏ కుర్రాడికైనా మొదటి రోజే ఇది తెలుస్తుంది. ఎదురుగా ఉంటే వాడి చెవి మెలిపెట్టేవాణ్ణి.

తప్పు పని చూసినందుకే ఇంత బాధ పడుతున్నానని అనుకోకు. షామా, మీ నాన్న బతికే ఉన్నాడన్న సంగతి నీకు గుర్తు రాలేదా? ఈ ఊళ్ళో ఎన్ని పెద్ద ఇళ్ళకి, ఎన్ని మసీదులకి నా చేతి గోడలున్నాయో, పనిలో ఆరితేరినవాణ్ణని అందరూ నన్ను మాలెం అని ఎలా పిలుస్తారో నీకు తెలుసు. నా కూతురి ఇంటికి మాత్రం పరాయి చెయ్యా? మొన్న రొట్టెలు కాల్చే లహ్సెన్ దగ్గరికి వెళితే, అమ్మాయి గోడ మీరే పెట్టారా మాలెం అని అడిగాడు. అవునని అబద్ధం చెప్పలేక, కాదని చెప్పడానికి నోరు రాక, రొట్టెలు పట్టుకుని వచ్చేశాను. ఆ రోజు నుంచీ నాకు తిండి సయించడం లేదు.

కాబట్టి విను. ఆ గోడ పగలగొట్టించు. నేను వచ్చి పెడతాను. అది పగిలేదాకా నీ గడప తొక్కను. ఆ గాడిద పేరేమిటో తిరుగు టపాలో రాయి.

మీ నాన్న,
మాలెం తుహామీ


అజ్రూ

ప్రియమైన నాన్నకు,

నీ చేతిని ముద్దు పెట్టుకుని రాస్తున్నాను. గాడిద పేరు అడిగావు కదా. షామా. తండ్రి పేరు తుహామీ, ఊరు ఫెస్. చెవి మెలిపెట్టాలంటే బస్సెక్కి రా, ఇక్కడే ఉంటాను.

కోపంతో ఉత్తరం అవతల పారేయకు. ఇంతవరకూ మన ఇంట్లో ఎవరికీ చెప్పని మాట రాస్తున్నాను, కూర్చుని చదువు.

నేను దుకాణానికి మధ్యాహ్నం అన్నం తెచ్చేదాన్ని గుర్తుందా? నువ్వు గోడ పనుల మీద బయటికి వెళ్ళేవాడివి. జవాద్ అన్నయ్యకి రోజూ ఇన్ని ముక్కలు కొట్టమని అప్పజెప్పి పోయేవాడివి. జవాద్‌కి ఆ పని విషం. బుట్టల వెనకాల చాప వేసుకుని నిద్రపోయేవాడు. నువ్వు తిడతావని జాలిపడి మొదట ఏదో కొన్ని కొట్టిచ్చాను. తర్వాత జాలి పోయింది, ఇష్టం మిగిలింది. నీ పద్ధతిలోనే ఎడమ కాలు మడిచి, నీ సుత్తితోనే, తలుపు దగ్గరికి వేసుకుని కొట్టేదాన్ని. ఎవరైనా వస్తున్న చప్పుడైతే సుత్తి అన్నయ్య పక్కన పడేసి, ముక్కల్ని బుట్టల్లోకి ఏరుతున్నట్టు కూర్చునేదాన్ని.

ఒక రాత్రి భోజనాల దగ్గర నువ్వు జవాద్ భుజం తట్టావు. ఇవాళ ఇరవై కోణాల చుక్కకి ముక్కలు చూశాను, ఈ వయసులో నాకు కూడా అంత నాజూకైన చెయ్యి లేదు, వీడు నన్ను మించిపోతాడు అన్నావు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అన్నయ్య తల వంచుకున్నాడు. నేను మీ ముగ్గురికీ రొట్టె విరిచి పెడుతున్నాను. నాన్నా, నన్ను పొగుడుతున్నావని సంతోషపడాలో, నాది కాని పేరు మీద పొగుడుతున్నావని ఏడవాలో తెలియలేదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే రెండూ కలిసే వస్తాయి.

తర్వాత నేను ధైర్యం చేసి అడిగాను కూడా. ఒక్కసారి గోడ పెట్టే చోటికి తీసుకెళ్ళవా అని. ఆడపిల్ల ఊళ్ళోవాళ్ళ గోడలకి వేలాడుతుందా అని నవ్వావు. అన్నయ్య పని మానేసి కసబ్లాంకాలో బట్టల కొట్టు పెట్టుకున్నప్పుడు, నా విద్య నాతోనే పోతుందని నువ్వు నాలుగు రోజులు మంచం దిగలేదు. నీకు పాలు కాచి తెచ్చి ఇచ్చింది నేనే. నీ ఎదురుగానే నిలబడ్డాను.

పెళ్ళయి ఇక్కడికొచ్చాక మొహాకి చెప్పాను. అతను మాట్లాడేదే తక్కువ కదా, మర్నాడు దేవదారు మొద్దు మీద ఇనుము బిగించి నాకు కొట్టుడు దిమ్మ తయారుచేశాడు. ఫెస్‌లో నీ ఆవం వాళ్ళ దగ్గరే పలకలు కొని లారీలో తెప్పించాడు. చలికాలమంతా ముక్కలు కొట్టాను. ఈ గదిలోనే నేల మీద ముక్కల్ని బోర్లా పరిచాను. పైకి మట్టి తప్ప ఇంకేం కనబడదు, రంగులన్నీ మనసులోనే. వెనక సున్నపు ముద్ద పోసి, ఆరాక మొహా, అతని తమ్ముళ్ళు గట్టిపడ్డ ఆ పెద్ద పలకల్ని లేపి గోడకి ఆనించారు. ఒక్క రంగు తప్పలేదు నాన్నా. మా ఇట్టో అత్తగారు మగ్గం మీంచి లేచి వచ్చి, గోడని అరచేత్తో నిమిరి, నా తల నిమిరింది.

కుడి అంచున చుక్కలు తెగిపోయినప్పుడే ఏదో తప్పు చేశానని తెలిసింది. నాన్న గోడలు ప్రతిసారీ రెండు పక్కలా సరిగ్గా ఎలా ముగుస్తాయా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నడిమధ్య తాడు సంగతి నీ ఉత్తరం చదివాకే తెలిసింది. దుకాణంలో జరిగేదంతా నేర్చుకున్నాను. గోడ దగ్గర జరిగేది చూడనివ్వలేదుగా నువ్వు. పనిలో చేరినవాడికి మొదటి రోజే తెలుస్తుందని రాశావు. నాకు ఆ మొదటి రోజే రాలేదు.

గోడ పగలగొట్టను. నాకు పరాయి చెయ్యి అక్కర్లేదు, నీ చెయ్యి కూడా వద్దు, నా చెయ్యి నాకు కావాలనే నిన్ను పిలవలేదు. గడప తొక్కనంటే నీ ఇష్టం. తొక్కితే మాత్రం ఆ గోడ ఎదురుగానే కూర్చోబెట్టి టీ ఇస్తాను.

నీ కూతురు,
షామా


ఫెస్

షామాకు,

నీ ఉత్తరం చదివాను. శుక్రవారం నమాజు తర్వాత బస్సెక్కుతున్నాను. పెద్ద సుత్తి వెంట తెస్తున్నాను.

తుహామీ


అజ్రూ

షామా తల్లి ఖద్దూజ్‌కి,

క్షేమంగా చేరాను. ఇక్కడ మంచు పడుతోంది, నువ్వు సంచిలో కుక్కిన స్వెటర్ వేసుకునే ఉన్నాను, కాబట్టి ఆ విషయంలో నన్ను తిట్టకు. ఈ ఉత్తరం మీ చెల్లెలితో చదివించుకోకుండా నిదానంగా నువ్వే చదువుకో.

సుత్తి ఎందుకని బయల్దేరేటప్పుడు నువ్వు అడిగితే కసురుకున్నాను. నిజం చెప్పాలంటే, తానే పెట్టానని పిల్ల రాసిన ఆ గోడని నా చేతులతోనే పగలగొట్టాలని వచ్చాను. పిల్ల గుమ్మంలో నా చెయ్యి ముద్దుపెట్టుకుంది, సంచి వైపు చూసింది. సరిగ్గా గోడకి ఎదురుగా పరుపు మీద కూర్చోబెట్టింది. టీ పోసింది. చల్లారిపోయింది. మళ్ళీ పోసింది. అదీ చల్లారింది. నేను గోడనే చూస్తున్నాను. ఖద్దూజ్, ఆ ఆకుపచ్చ పక్కన తేనె రంగు పెట్టడం నేనెవరికీ నేర్పలేదు. ఫోటోలో తెగిన చుక్కలొక్కటే కనబడ్డాయి. ఎదురుగా చూస్తే మిగతా గోడంతా కనబడింది.

చివరికి ఆ ఇట్టో వదినగారే నోరు విప్పింది. తివాచీ మీద ఎరుపు ఎక్కువైందని నేను రాసిన సంగతి ఆవిడకి చేరినట్టుంది, ఆ ఉక్రోషమంతా ఉంది మాటలో.

"మీ ఫెస్‌లో చుక్కలన్నీ నిండుగానే పొడుస్తాయేమో అన్నయ్యా. మా కొండల్లో సగం ఎప్పుడూ కొండ చాటునే ఉంటాయి. మాకిదే సరిపోయింది."

సంచి పక్కకి నెట్టి, ఒక పలక ఇచ్చి బాదంకాయ ఆకారంలో ముక్క కొట్టమన్నాను షామాని. ఇంకా ఏదో మూల నమ్మకం లేదు నాకు. జవాద్ వచ్చి కొట్టి వెళ్ళాడేమో అనే పాడు ఆలోచన కూడా వచ్చింది. పిల్ల ఎడమ కాలు మడిచి దిమ్మ ముందు కూర్చుంది. సుత్తి ఎత్తినట్టే లేదు, పలకే తనంతట తాను విడిపోయినట్టుంది. ఆ ముక్క నా అరచేతిలో పెట్టింది. ఆ చెయ్యిని నేను ఎప్పట్నుంచో ఎరుగుదును. మన ఇంట్లో పళ్ళెం ముందు కూర్చుని, జవాద్‌దనుకుని వాడి భుజం తట్టి నేను పొగిడిన చెయ్యి అదే.

ఆ రోజే నాకెందుకు చెప్పలేదే అని అడిగాను.

"చెబితే సుత్తి లాక్కునేవాడివి నాన్నా."

లేదని చెప్పబోయాను. లాక్కునేవాణ్ణే. నీకు తెలుసు, నాకూ తెలుసు. కట్టెలు చూసొస్తానని పెరట్లోకి వెళ్ళి, ఆ మంచులో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మొహా నన్ను చూశాడు. చూడనట్టే రెండు కట్టెలు నా చేతికిచ్చి, మిగతావి తాను ఎత్తుకుని లోపలికి నడిచాడు. మన అల్లుడు బంగారం ఖద్దూజ్, వాణ్ణి నోట్లో నాలుక లేనివాడని ఇంకెప్పుడూ అనకు. అన్నది నేనే అనుకో.

రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ ఆశ పుట్టింది నాకు. తాడు నేను పడతాను, ఆ గోడ విప్పేసి నడిమధ్య నుంచి పెట్టుకుందాం, నాలుగు తరాలు నిలుస్తుంది అని బతిమాలాను. బతిమాలడం నాకు ఎంత చేతకాదో నీకు తెలుసు కదా, ఒకటికి రెండుసార్లు బతిమాలాను. షామా ససేమిరా అంది. ఇది నా మొదటి గోడ, దీన్ని ముట్టుకోవద్దు అంది. కానీ బజారులో మందుల షాపు హద్దూ గారు మా గోడ చూసి, వాళ్ళ మేడ మీద ముందు గదికి నన్నే పెట్టమన్నారు, ఆ తాడేదో అక్కడికొచ్చి చూపించు అంది. నేను బిత్తరపోయాను. మన పిల్లకి ఊళ్ళో పని దొరికింది, ఖద్దూజ్. మనకి చెప్పకుండానే దొరికింది.

నిన్న పొద్దున్న వెళ్ళాం. గోడకి నడిమధ్య మేకు కొట్టి, పైనుంచి కిందికి తాడు కట్టాను. ఇక్కడ పెట్టు అన్నాను. తాడు ఒక చివర నా చేతిలో ఉంది. షామా బిస్మిల్లా అని, తాడు మీద వేలు పెట్టి, నా వైపు చూసింది. ఆ చూపు నేను కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్ళలో ఎన్నిసార్లు చూశానో. తేడా ఏమిటంటే ఆ కుర్రాళ్ళకి ఇంకేమీ రాదు, దీనికి ఇదొక్కటే రాదు. దానికి మొదటి రోజు వచ్చింది. ఇన్నేళ్ళు ఆలస్యంగా, నా చేతుల మీదుగా వచ్చింది.

ఇంతలో హద్దూ గారు పైకొచ్చారు. నా తెల్లగడ్డం, పొడుగు జెల్లాబా అంగీ చూసి, ఫెస్ నుంచి అసలు మాలెం దిగాడనుకున్నట్టున్నారు. వంగి సలాం చేసి, మాలెం గారూ, ఇంకా నీలం ఎక్కువ వేస్తే బాగుంటుందా, మీరేమంటారు అని నన్నడిగారు. షామా తల వంచుకుని ముక్కలు సర్దుతోంది. మన ఇంట్లో రొట్టె విరిచేటప్పుడు కూడా అది అలాగే తల వంచుకునేది, నేనే ఎప్పుడూ చూడలేదు.

"నన్నడక్కండి అయ్యగారూ," అన్నాను. "మాలెం ఆవిడ. నేను తాడు పట్టుకోవడానికి వచ్చాను."

పిల్ల తలెత్తి, నీలం ఇంతే చాలండీ అని ఆయనతో చెప్పింది.

కాబట్టి నేను ఇప్పట్లో రాను. దుకాణానికి తాళం వేయించు. నా పాత పనిబట్టలు, మోకాళ్ళ నొప్పికి రాసుకునే నూనె బస్సు డ్రైవర్‌కిచ్చి పంపించు. వీలైతే నువ్వూ వచ్చెయ్యి. గోడ నువ్వు కళ్ళారా చూడాలి. ఇక ఉంటాను, పొద్దున్నే లేవాలి. పనికి ఆలస్యమైతే మా మాలెం ఊరుకోదు.

నీ తుహామీ