దగ్గొద్దన్న మాట

చిరంజీవి బుల్లెమ్మకి అమ్మ దీవెనలు. నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ వేళకి తింటున్నావని తలుస్తాను. మీ నాన్నని మళ్లీ ఆసుపత్రిలో చేర్చామని ఫోన్‌లో చెప్పాను కానీ, ఎందుకన్నది చెప్పలేకపోయాను. నీ గొంతు వింటే నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. గుండె ఆపరేషన్ తర్వాత మీ నాన్న నడక మానలేదు. గది నుంచి మన కుట్టు కొట్టు గుమ్మం దాకా గోడ పట్టుకుని నడిచేవారు. లేచేటప్పుడు చేతులు ఊనేవారు కాదు. మిషను జోలికి వెళ్లలేదు. దూరంగా కూర్చుని, "నా గుండెకి అతుకేసినవాడు కొలతలు సరిగ్గా తీశాడంటావా?" అని నన్ను ఆటపట్టించేవారు.

ఊపిరి పీలిస్తే బంతులు పైకి లేచే డబ్బా సంగతి కూడా అడిగావు. రోజూ పీలుస్తున్నారని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం.

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "దిండు ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గమనండమ్మా. నొప్పని మానేస్తే కఫం లోపలే పేరుకుంటుంది. కోసిన ఛాతీ ఎముకని తీగతో బిగించారు, ఊడదు." నేను బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చాక ఆ డబ్బా పీల్చగానే దగ్గు తెర వచ్చి మీ నాన్న విలవిల్లాడిపోయారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. కొత్త కుట్టుని లాగకూడదని ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్చుకున్న చేతులు నావి. "దగ్గొద్దండీ, కుట్లు ఊడిపోతాయి, మింగేయండి" అన్నాను. డబ్బా బీరువా మీదకి ఎక్కించేశాను. అప్పటి నుంచి దగ్గు వస్తే నా మొహం చూసి పెదవులు బిగబట్టుకునేవారు.

ఊపిరితిత్తులకి నిమ్ము చేసింది తల్లీ. కుట్టు మాత్రం ఒక్కటీ చెదరలేదు. ఇది నా చేతులారా చేసుకున్నది.

ఆక్సిజన్ పెట్టారు. కఫం దగ్గి బయటికి తెస్తే సరి, లేకపోతే గొంతులోకి గొట్టం వేయక తప్పదని, ఆ తర్వాత ఏమీ చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. పొద్దున నేనే దిండు ఛాతీకి అదిమిపట్టి, "దగ్గండీ, మీకు దణ్ణం పెడతాను" అని ఏడ్చాను. జ్వరం మగతలో తల అడ్డంగా ఊపి, "నువ్వే కదే వద్దన్నావ్" అన్నారు. ఎంత బతిమాలినా అదే మాట.

వెంటనే బయలుదేరి రా. పెళ్లయిన దగ్గర్నుంచి నా మాట ఒక్కటీ విన్న పాపాన పోని మనిషి, ఈ ఒక్కటీ విన్నారు.

ఇట్లు,
నీ కోసం ఆసుపత్రి వరండాలో కూర్చున్న
అమ్మ